ఉప్పునీటి ఫ్లైలు సొంతంగా కట్టుకోవాలంటే: ఏది కొనాలి, దేనికి ఆగాలి

ఉప్పునీటి చేపలకు ఫ్లైలు కట్టడం మొదలుపెడదామనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఏ వైజ్ కొనమంటారు?" అని. నా లెక్కలో అది నాలుగో ప్రశ్న. మీరు నిలబడేది ఏ నీళ్లలో, అక్కడ దొరికేది ఏ చేప, అది తినేది ఏంటి అన్న మూడూ ముందు తేలాలి. అవి తేలితే ఏ ఫ్లై కట్టాలో తెలుస్తుంది. ఫ్లైని బట్టి హుక్కు, హుక్కుని బట్టి వైజ్. దుకాణంలో అమ్మకం మాత్రం సరిగ్గా వెనక నుంచి ముందుకి సాగుతుంది. ముందు వైజ్ అంటగడతారు, ఏ చేపకోసమన్నది ఆఖరున అడుగుతారు, అదీ గుర్తుంటే.

ఫ్లై అంటే తెలియనివాళ్లకి ఒక్క మాట. ఈకలు, వెంట్రుకలు, మెరుపు పోగులు హుక్కు మీద దారంతో బిగించి చేసే ఎర అది. చిన్న చేపలాగో, రొయ్యలాగో, పీతలాగో కనపడాలి. ఎరకి సొంత బరువు పెద్దగా ఉండదు కాబట్టి, లావుపాటి లైను బరువుతో దాన్ని విసురుతారు. కట్టేటప్పుడు హుక్కుని కదలకుండా పట్టుకునే చిన్న పనిముట్టే వైజ్.

నేను రాసేది టెక్సస్ గల్ఫ్ తీరాన్ని దృష్టిలో పెట్టుకుని. హ్యూస్టన్, కేటీ, షుగర్ ల్యాండ్ వైపు మనవాళ్లు బోలెడుమంది. అక్కణ్ణించి గాల్వెస్టన్ వెస్ట్ బే గంటా గంటన్నర దూరం, రాక్‌పోర్ట్ మూడు గంటలు. ఇంకా దక్షిణానికి దిగితే సౌత్ పాడ్రే దగ్గర లోయర్ లగూనా మాడ్రే. ఈ నీళ్లన్నిటిలో ఫ్లైతో పట్టేవాళ్లకి ప్రధానమైన చేప రెడ్‌ఫిష్, అంటే రెడ్ డ్రమ్. మన తీరంలో లక్షలు పలికిందని అప్పుడప్పుడూ వార్తల్లోకి ఎక్కే కచిడి చేపదీ దీనిదీ ఒకే కుటుంబం. నోరు కాస్త కిందివైపుకి ఉంటుంది, తోక దగ్గర నల్లటి మచ్చ. మోకాలి లోతు నీళ్లలో తల కిందకి పెట్టి పీతల కోసం, రొయ్యల కోసం నేల తవ్వుతుంటే తోక నీళ్ల పైకి వచ్చి ఊగుతుంది. మీ ఫ్లై పడాల్సింది ఆ తోకకి మూరెడు ముందు, చప్పుడు లేకుండా. కింద చెప్పే ఎంపికలన్నీ ఈ ఒక్క దృశ్యాన్ని పట్టుకుని చేసినవే. వేరే చేప కోసమైతే జవాబులు కొన్ని మారతాయి.

కొనడమా, కట్టుకోవడమా

డబ్బు మిగులుతుందని మొదలుపెట్టకండి. దుకాణంలో ఉప్పునీటి ఫ్లై ఒక్కోటి సుమారు 5 నుంచి 8 డాలర్లు ఉంటుంది. ఇంట్లో కడితే సామాను ఖర్చు డాలరు, డాలరున్నర. లెక్క చూస్తే లాభంగానే ఉంటుంది. కానీ వైజ్, కత్తెర, హుక్కులు, జింక తోకలు, జిగుర్లు కలిపి రెండు మూడొందలు ముందే వెళ్లిపోతాయి. ఆ తర్వాత ఒక్కో రంగూ చూసి మనసు ఆగదు. ఏడాదికి మూడుసార్లు వెళ్లేవాళ్లు నిశ్చింతగా కొనుక్కోండి, సిగ్గేమీ లేదు. నెలకి రెండుసార్లు వెళ్తూ, ఆయిస్టర్ రీఫుల (నీళ్లలోని గుల్లల దిబ్బల) మీద ప్రతిసారీ ఓ నాలుగు ఫ్లైలు పోగొట్టుకునేవాళ్లకైతే కట్టుకోవడం గిట్టుబాటవుతుంది.

కట్టుకోవడానికి అసలు కారణం బరువు. దుకాణంలో దొరికే ఫ్లై అన్ని తీరాలకీ పనికొచ్చేలా కట్టినది. మునగడానికి తల దగ్గర కట్టే దాని లోహపు కళ్లు బరువెక్కువ, వెంట్రుకలు దట్టం. అడుగు లోతు నీళ్లలో గడ్డి మీద తిరుగుతున్న రెడ్‌ఫిష్ పక్కన అది దబ్బున పడితే చేప బురద లేపుకుంటూ పారిపోతుంది. అదే ఫ్లైని పూసల కళ్లతో, సగం వెంట్రుకలతో కట్టుకుంటే మెల్లగా వాలుతుంది. అలాంటిది రెడీమేడ్‌గా దొరకడం కష్టం.

కట్టుకోవడం ఖాయమనుకున్నా, ముందు బాగా కట్టిన ఫ్లైలు రెండు కొనండి. ఒకటి చేపకి, రెండోది బ్లేడుకి. రెండోదాన్ని తల దగ్గర్నుంచి దారం పొర పొరా కోసుకుంటూ విప్పండి. ఏది ముందు కట్టారు, ఎంత వెంట్రుక పెట్టారు, కళ్లు ఎక్కడ కూర్చోబెట్టారు అన్నది చేతికి తెలుస్తుంది. వీడియోలో కెమెరా ఎప్పుడూ వేళ్ల వెనకే ఉంటుంది.

కిట్టా, విడి సామానా

"అన్నా, కిట్ ఆర్డర్ పెట్టేశా" అని ఫోన్ వచ్చాక చేసేదేం ఉండదు. ఆర్డర్ పెట్టకముందైతే చెప్తాను, వద్దని. ఎక్కువ కిట్లు కొండ వాగుల్లో దొరికే ట్రౌట్ చేపల కోసం తయారైనవి. అందులో హుక్కులు చిన్నవి, దారం సన్నం, ఈకలు అరంగుళం ఫ్లైలకి సరిపోయేవి. పెళ్లిలో వచ్చే స్టీలు సామాన్ల సెట్టు లాంటిదే ఈ వ్యవహారం, ఇరవై గిన్నెలుంటాయి, రోజూ పొయ్యెక్కేవి రెండే. పైగా ఆ కిట్‌లో వచ్చే వైజ్ దవడలు 1/0 లాంటి పెద్ద సైజు హుక్కుని (సైజు 2 కన్నా 1/0 పెద్దది, 3/0 ఇంకా పెద్దది) గట్టిగా పట్టుకోలేవు.

దీనికి మినహాయింపు ఒకటుంది. కొన్ని ఫ్లై షాపులు ఒకే ఒక్క ఫ్లైకి సరిపడా సామాను, డజను ఫ్లైలకి లెక్కగట్టి ఒక పొట్లంగా అమ్ముతాయి. అందులో పనిముట్లుండవు, సామానే. మొదటిసారికి అలాంటిది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. ఎంత వెంట్రుక, ఎన్ని కళ్లు అన్న గందరగోళం తప్పుతుంది.

వైజ్

ఇక్కడ మూడు విషయాలు విడివిడిగా తేల్చుకోవాలి. బల్లకి బిగించేదా, దిమ్మె మీద నిలబడేదా అన్నది మొదటిది. బల్ల అంచుకి బిగించే సీ-క్లాంప్ రకం కదలదు, గట్టిగా లాగినా నిలబడుతుంది. కానీ అది పట్టే అంచు కావాలి. చాలా ఇళ్లలో డైనింగ్ టేబుల్ అంచు కింద చెక్క పట్టీ అడ్డం వస్తుంది, వంటింటి గ్రానైట్‌కి బిగించడానికి ఇంట్లో ఒప్పుకోరు. దిమ్మె రకం ఎక్కడైనా పెట్టుకోవచ్చు, కాకపోతే దిమ్మె బరువుగా ఉండాలి. ఉప్పునీటి ఫ్లైలకి దారం బలంగా లాగుతాం కాబట్టి తేలిక దిమ్మె మీ వైపుకి ఒరుగుతుంది. పని చేసుకోవడానికి సొంత బల్ల ఉంటే క్లాంప్, లేకపోతే బరువైన దిమ్మె.

రెండోది, తిరిగేదా తిరగనిదా. రోటరీ వైజ్‌లో హుక్కు తన అక్షం మీదే గుండ్రంగా తిరుగుతుంది. ఫ్లై రెండో పక్క చూసుకోవడానికి, జిగురు ఒకవైపుకి జారకుండా తిప్పుతూ ఆరబెట్టడానికి హాయిగా ఉంటుంది. కానీ మొదటి ఏడాదికి ఇది తప్పనిసరి కాదు. హుక్కు తీసి తలకిందులుగా మళ్లీ బిగిస్తే సరి, పది సెకన్ల పని.

మూడోది దవడల పట్టు, డబ్బు పెట్టాల్సింది దీనికే. రీగల్ కంపెనీ వైజ్‌లో మీట నొక్కితే స్ప్రింగ్ దవడలు తెరుచుకుంటాయి, వదిలితే పట్టేస్తాయి. సైజు మారినప్పుడల్లా సర్దే పని లేదు. రెంజెట్టి ట్రావెలర్, పీక్ లాంటివి రోటరీ రకం, వీటిలో హుక్కు మందాన్ని బట్టి మరలు సర్దుకోవాలి. ఇవన్నీ రెండొందల డాలర్లకి అటూ ఇటూ మొదలవుతాయి, ఏళ్ల తరబడి పనిచేస్తాయి. పాతిక, ముప్పై డాలర్ల వైజ్‌లూ ఉన్నాయి. ఏది చూసినా ఒక పరీక్ష పెట్టండి. 1/0 హుక్కు బిగించి, కన్ను (లైను కట్టే రంధ్రం) దగ్గర బొటనవేలితో కిందికి నొక్కండి. హుక్కు స్ప్రింగులా వంగి మళ్లీ పైకి రావాలి. దవడల మధ్య జారి కిందికి తిరిగిందంటే ఆ వైజ్ మీ పనికి రాదు, ధర ఎంతైనా సరే.

నా సలహా అడిగితే, తిరిగే చవకది కన్నా తిరగని మంచిది నయం. ఇంకా చేయి తిరుగుతుందో లేదో తెలియనప్పుడు రెండొందలు పెట్టడం ఇష్టం లేకపోతే, ఫిషింగ్ క్లబ్బుల్లో మానేసినవాళ్లు అమ్ముకునే పాత వైజ్ వెతకండి. ఇది పాడయ్యే సామాను కాదు.

హుక్కులు

స్టెయిన్‌లెస్‌వా, టిన్ పూత వేసిన మామూలు ఉక్కువా? ఎన్నో ఏళ్లుగా ఉప్పునీటి ఫ్లైలకి కొలమానంలా నిలిచిన హుక్కు ముస్టాడ్ 34007, స్టెయిన్‌లెస్. ధర తక్కువ, తుప్పు దాదాపు పట్టదు. కాకపోతే కొత్త ప్యాకెట్లోంచి తీసిన హుక్కుకి మొన పదును చాలదు, చిన్న ఆకురాయితో రెండు మూడు గీతలు గీయాలి. మొనని బొటనవేలి గోరు మీద ఆనించి చూడండి, జారితే పదును లేదు, పట్టుకుని ఆగితే ఉంది. గమకట్సు ఎస్‌ఎల్12ఎస్ టిన్ పూత రకం. ప్యాకెట్లోంచి తీయగానే గుచ్చుకుంటుంది, బలమైనది, ధర దాదాపు రెట్టింపు. తడితో పెట్టెలో పెడితే తుప్పు పడుతుంది.

ఇంకో కోణమూ ఉంది. లైను తెగి హుక్కు చేప నోట్లోనే ఉండిపోతే మామూలు ఉక్కు త్వరగా తుప్పు పట్టి రాలుతుంది, స్టెయిన్‌లెస్ చాలాకాలం ఉంటుంది. అందుకని కొందరు స్టెయిన్‌లెస్ ముట్టుకోరు. ఏ రకమైనా సరే, కట్టడానికి ముందే మొన వెనక వెనక్కి తిరిగి ఉండే ముల్లుని పట్టకారుతో నొక్కేయండి. నొక్కేటప్పుడు అప్పుడప్పుడూ మొన విరుగుతుంది. ఫ్లై అంతా కట్టాక విరగడం కన్నా ఖాళీ హుక్కు విరగడం మేలు. టెక్సస్‌లో రోజుకి మూడు రెడ్‌ఫిష్‌లే ఉంచుకోవాలి, అవీ 20 నుంచి 28 అంగుళాల మధ్యవి. మిగతావి దాదాపు అన్నీ వదిలేయాల్సినవే కాబట్టి ముల్లు లేని హుక్కు మీకూ సుఖమే.

నేర్చుకునేటప్పుడు 34007, సైజు 2, పాతిక హుక్కుల ప్యాకెట్ ఒకటి. రెడ్‌ఫిష్‌కి ఆ ఒక్క సైజుతో ఏడాది గడుస్తుంది. చేయి కుదిరాక ఖరీదైనవి కొనుక్కోండి.

దారం, బాబిన్

దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. డాన్‌విల్ ఫ్లాట్ వ్యాక్స్‌డ్ నైలాన్, 210 డెనియర్ (దారం మందం లెక్క), తెలుపు ఒకటి, నలుపు ఒకటి. బలంగా లాగినా తెగదు, పరుచుకుని పడుతుంది. జీఎస్‌పీ అనే దారం ఇంకా బలమైనది గానీ జారుతుంది, మామూలు కత్తెరకి తెగదు. అది తర్వాత. దారం మెలి తిరిగి తాడులా అయితే బాబిన్‌ని, అంటే దారపు ఉండని పట్టుకుని గొట్టంలోంచి దారం వదిలే పనిముట్టుని, గాల్లో వదిలి అపసవ్యంగా తిప్పండి, మళ్లీ పరుచుకుంటుంది.

బాబిన్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. చవక బాబిన్ గొట్టం అంచు గరుకుగా ఉంటే ఫ్లై పూర్తవుతుందనగా దారం కోసేస్తుంది. అప్పుడు తిట్టుకునేది దారాన్ని, తప్పు గొట్టానిది. సెరామిక్ గొట్టం ఉన్నది తీసుకోండి. కత్తెర కూడా అంతే. వెంట్రుకలు కోసేదాంతో తీగలు, మెరుపు పోగులు కోయకూడదు. పాత కత్తెర ఒకటి పక్కన పెట్టుకోండి.

జింక తోకా, సింథటిక్కా

అసలు ఎంపిక ఇక్కడుంది. బక్‌టెయిల్ అంటే తెల్లతోక జింక తోక, రంగు అద్ది అమ్ముతారు. ఒక్కో తోక ఆరు నుంచి పది డాలర్ల దాకా ఉంటుంది, డజన్ల కొద్దీ ఫ్లైలు వస్తాయి. నీళ్లలో ఊగుతుంది గానీ నలిగి ముద్దవదు. చూసి కొనగలిగితే దుకాణానికి వెళ్లి చూసే కొనండి. వెంట్రుకలు పొడవుగా, నిటారుగా ఉండాలి. మెలికలు తిరిగి, పొట్టిగా ఉన్నది వదిలేయండి. తోక మొదట్లో ఉండే వెంట్రుకలు లోపల బోలుగా ఉంటాయి, దారం బిగిస్తే గొడుగులా విచ్చుకుంటాయి. పై సగంలోవి, ముఖ్యంగా కొస వైపువి, విచ్చుకోకుండా పడుకుంటాయి. కొత్తవాళ్లు కింద నుంచి కోసి, ఫ్లై తల చీపురులా లేచిందని బాధపడతారు. కోసే చోటు మార్చుకుంటే చాలు. కింది భాగం పారేయకండి, అలా విచ్చుకునే వెంట్రుకతోనే న్యూజెర్సీకి చెందిన బాబ్ పొపోవిక్స్ హాలో ఫ్లయ్‌లు అనే పెద్ద పెద్ద ఎరలు కట్టాడు.

సింథటిక్‌లో రెండు రకాలు చూడాలి. ఈపీ ఫైబర్ నీళ్లు పీల్చుకోదు. పెద్ద చేప ఆకారం వచ్చినా ఒక్క విదిలింపుతో నీళ్లు వదిలేసి విసరడానికి తేలిగ్గా ఉంటుంది. కానీ కత్తెరతో ఆకారం తేవాలి, అది మొదట్లో చేతికి రాదు, ఫ్లై మొద్దుగా కుచ్చులా తయారవుతుంది. క్రాఫ్ట్ ఫర్ అనేది బొమ్మలకి వాడే కృత్రిమ బొచ్చు, బట్టల, బొమ్మల సామాన్ల దుకాణాల్లో చవగ్గా దొరుకుతుంది. నీళ్లలో మెత్తగా కదులుతుంది, రొయ్య ఫ్లైలకి దీన్ని మించింది లేదు. పొడవు మామూలుగా రెండంగుళాలకి మించి రాదు, తడిస్తే సన్నగా అతుక్కుపోతుంది.

ఇంటి సంగతి కూడా ఆలోచించాలి. అత్తగారు ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు, నికార్సైన శాకాహారి, మీరు డైనింగ్ టేబుల్ మీద చర్మంతో సహా జింక తోక పరిచారు. ఆ సాయంత్రం ఎలా గడుస్తుందో నేను చెప్పక్కర్లేదు. అలాంటి ఇంట్లో సింథటిక్‌తోనే మొదలుపెట్టండి, లేదా గ్యారేజీలో బల్ల వేసుకోండి. బక్‌టెయిల్, ఈకలు ఎక్కడ దాచినా జిప్ సంచుల్లో, నాఫ్తలీన్ ఉండలతో ఉంచాలి. ఒక్క పురుగు చేరినా వరసగా అన్నీ తినేస్తుంది.

ఇంట్లో అభ్యంతరం లేకపోతే మొదటి సామానుగా నేను చెప్పేది బక్‌టెయిలే. తెలుపు ఒకటి, పసుపు కలిసిన చిలకపచ్చ ఒకటి, లేత గోధుమరంగు ఒకటి. గాల్వెస్టన్ మురికి నీళ్లకి చిలకపచ్చ, రాక్‌పోర్ట్, లగూనా మాడ్రే తేట నీళ్లకి గోధుమరంగు.

కళ్లు

ఉప్పునీటి ఫ్లైకి కళ్లు అలంకారం కోసం పెట్టరు. ఫ్లై ఎంత లోతుకి, ఎంత వేగంగా దిగాలో, హుక్కు మొన పైకి తిరగాలా వద్దా అన్నది కళ్లు నిర్ణయిస్తాయి. కళ్లు హుక్కు కాడ మీద ఒకవైపు బరువుగా కూర్చుంటాయి కాబట్టి నీళ్లలో ఫ్లై బోర్లా తిరిగి, మొన ఆకాశం వైపు చూస్తుంది. అందుకే ఆయిస్టర్ గుల్లల్లో, గడ్డిలో తక్కువ చిక్కుకుంటుంది.

పూసల గొలుసు కళ్లు అన్నిటికన్నా తేలిక. లైటు స్విచ్చికి వేలాడే పూసల గొలుసు చూసి ఉంటారుగా, అదే. హార్డ్‌వేర్ దుకాణంలో గజాల లెక్కన దొరుకుతుంది, వైర్ కటర్‌తో రెండేసి పూసలు కత్తిరించుకోవడమే. స్టెయిన్‌లెస్ గొలుసే అడగండి, పూత వేసింది ఉప్పునీటికి రంగు పోతుంది. మోకాలి లోతు, అంతకన్నా తక్కువ నీళ్లకి ఇవి. సీసం డంబెల్ కళ్లలో చిన్న సైజు రెండు మూడు అడుగుల నీళ్లకి, మధ్య సైజు కాలువలకి, జెట్టీల పక్కన లోతుకి. ఇత్తడివి సీసం కన్నా కొంచెం తేలిక, విషం కాదు, ధర ఎక్కువ. టంగ్‌స్టన్ చిన్న సైజులోనే చాలా బరువు, రెడ్‌ఫిష్‌కి అనవసరం. సీసం ముట్టుకుంటే పని అయ్యాక చేతులు కడుక్కోండి, పిల్లలకి అందనివ్వకండి.

ఏది ఎంత వేగంగా మునుగుతుందో తెలియాలంటే పొడవాటి గాజు గ్లాసులో నీళ్లు పోసి ఫ్లై వదలండి. పూసల కళ్లది ఊగుతూ దిగుతుంది, సీసం కళ్లది రాయిలా పడుతుంది. బోర్లా తిరగకుండా పక్కకి ఒరిగిపోతే కళ్లు వంకరగా కట్టారని అర్థం.

బరువైన కళ్లున్న ఫ్లై విసిరేటప్పుడు టోపీ, కళ్లజోడు లేకుండా నీళ్లలోకి దిగకండి. గాలి ఎక్కువున్న రోజు ఆ సీసం మీ చెవి వెనక తగిలే అవకాశం చేపకి తగిలే అవకాశం కన్నా తక్కువేం కాదు. 8-వెయిట్ రాడ్ (ఎంత బరువు లైను విసరగలదో చెప్పే అంకె అది) చిన్న సీసం కళ్ల దాకా మోస్తుంది, ఆ పైన చేయి పీకుతుంది.

జిగురు

చుట్టిన దారానికి గోళ్ల రంగు చాలు. శాలీ హాన్సెన్ హార్డ్ యాజ్ నెయిల్స్ సీసా ఒకటి ఎంతోమంది ఫ్లై కట్టేవాళ్ల బల్ల మీద కనిపిస్తుంది. కళ్ల కింద ఒక చుక్క సూపర్ గ్లూ. యూవీ రెసిన్ అంటే అతినీలలోహిత కాంతి టార్చి పడగానే గట్టిపడే జిగురు, తల నున్నగా గాజులా వస్తుంది. కానీ టార్చి, సీసా కలిపి నలభై యాభై డాలర్లు. పళ్లున్న స్పానిష్ మాకరెల్ లాంటి చేపలకి పోతే అప్పుడు కొనండి. రెండు ట్యూబుల ఎపాక్సీ చవకే, కానీ ఐదు నిమిషాల్లో గట్టిపడిపోతుంది, ఆలోగా ఫ్లై తిప్పుతూ ఉండాలి. నేర్చుకునేవాళ్లకి అది పరుగు పందెం.

మొదటి ఫ్లై ఏది

నాలుగు పేర్లు వింటారు. లెఫ్టీస్ డిసీవర్‌ని పేరున్న ఫ్లై ఫిషింగ్ నిపుణుడు లెఫ్టీ క్రే 1950ల చివర్లో చెసపీక్ బేలో స్ట్రైప్డ్ బాస్ కోసం తయారుచేశాడు. అమెరికా తపాలా శాఖ 1991లో దీని బొమ్మతో 29 సెంట్ల స్టాంపు కూడా వేసింది. తోక దగ్గర పొడవాటి కోడి ఈకలు, ముందు బక్‌టెయిల్. విసిరినప్పుడు ఈకలు హుక్కుకి చుట్టుకోకపోవడం దీని గొప్ప. కష్టమంతా ఈకల్ని జతలుగా, సమానంగా కూర్చోబెట్టడంలో ఉంది. క్రేజీ చార్లీ బహామాస్‌లో బోన్‌ఫిష్ కోసం పుట్టింది, పూసల కళ్లు, చిన్న సైజు. టెక్సస్‌లోనూ పనిచేస్తుంది గానీ చిన్న హుక్కు మీద నేర్చుకోవడం అనవసరపు తిప్పలు. గర్గ్లర్ ఫోమ్ ముక్కతో చేసిన తేలే ఫ్లై, జాక్ గార్ట్‌సైడ్ సృష్టి. కట్టడం తేలిక, చేప పైకి వచ్చి కొట్టడం చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. కాకపోతే కిందివైపు నోరున్న రెడ్‌ఫిష్ దాన్ని పట్టబోయి తప్పడం మామూలే.

నాలుగోది క్లౌజర్ డీప్ మిన్నో. పెన్సిల్వేనియాలో సస్కెహానా నది మీద గైడుగా ఉన్న బాబ్ క్లౌజర్ 1980లలో స్మాల్‌మౌత్ బాస్ కోసం కట్టాడు, పేరు పెట్టింది లెఫ్టీ క్రే. మంచినీటిలో పుట్టి ఉప్పునీటిని గెలిచింది. సామాను నాలుగే: హుక్కు, కళ్లు, రెండు రంగుల బక్‌టెయిల్, కాస్త మెరుపు. దీంతోనే మొదలుపెట్టండి, ఇంకో ఫ్లై జోలికి వెళ్లకుండా ఒక డజను కట్టండి.

కట్టే తీరు దగ్గర్నుంచి చూద్దాం. హుక్కు కాడ మీద దారం పరిచి, హుక్కు కన్ను నుంచి మూడో వంతు వెనక్కి డంబెల్ కళ్లు పైన పెట్టండి. ఎనిమిది అంకె ఆకారంలో అటూ ఇటూ పది పన్నెండు చుట్లు. ఆ తర్వాత కళ్లకీ కాడకీ మధ్య, నేలకి సమాంతరంగా గుండ్రంగా చుట్లు వేస్తే ముందు వేసిన చుట్లన్నీ బిగుసుకుంటాయి. ఈ రెండో రకం చుట్లు మరిచిపోతే మూడో చేపకి కళ్లు గిర్రున తిరుగుతాయి. సూపర్ గ్లూ ఒక చుక్క.

ఇప్పుడు తెల్ల బక్‌టెయిల్. అగ్గిపుల్ల మందాన ఒక కుచ్చు పట్టుకుని, చర్మానికి దగ్గరగా కోయండి. కొసలు పట్టుకుని మొదట్లో ఉన్న పొట్టి వెంట్రుకలు, మెత్తటి నూగు లాగేయండి. అది అలాగే ఉంటే తల లావవుతుంది. కొసలు కత్తెరతో సమానం చేయకండి, ప్రకృతి ఇచ్చిన ఎగుడుదిగుడే చేప తోకలా సన్నబడుతుంది. పొడవు హుక్కుకి రెండింతలు. కళ్ల ముందు కట్టి, రెండు కళ్ల మధ్య గాడిలో పడుకోబెట్టి, కళ్ల వెనక కొన్ని చుట్లతో ఆపండి. హుక్కు తిప్పి బోర్లా పెట్టండి. నాలుగైదు మెరుపు పోగులు, వాటి మీద చిలకపచ్చ బక్‌టెయిల్ మరో అగ్గిపుల్ల మందం, కళ్ల ముందు మాత్రమే కట్టాలి. ఈ కుచ్చు హుక్కు మొనని కప్పుతూ వెనక్కి పోతుంది. హుక్కు కన్ను వెనక కాస్త ఖాళీ ఉండేలా చూసుకోండి, లేకపోతే లీడర్ (లైను కొసకి కట్టే సన్నటి దారం) ముడి వేయడానికి చోటుండదు. తల ఏటవాలుగా దారంతో నింపి, ముడివేసి, గోళ్ల రంగు పూయండి.

చూస్తే బక్కగా, ఇంకాస్త వెంట్రుక పెట్టాల్సిందేమో అనిపిస్తుంది. పెట్టకండి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వెంట్రుకల మధ్య నుంచి అవతల ఉన్నది కనపడాలి. దట్టంగా ఉంటే నెమ్మదిగా దిగుతుంది, నీళ్లలో కర్రలా కదలకుండా ఉంటుంది.

ఈకల గురించి ఒక జాగ్రత్త

డిసీవర్ దాకా వచ్చాక కోడి ఈకలు కావాలి. అమెరికా దుకాణాల్లో "ఇండియన్ కేప్" పేరుతో మన దేశపు పుంజుల మెడ ఈకలు చవగ్గా దొరుకుతాయి. నలుపు తెలుపు చారలున్నదాన్ని గ్రిజ్లీ అంటారు. కోడిపందేల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకి కాకి, డేగ, పర్ల అని ఈక రంగు విడదీసి చూసే కన్ను చిన్నప్పుడే పడి ఉంటుంది, ఇక్కడ అది పనికొస్తుంది. అలాగని ఊరి నుంచి సూట్‌కేసులో ఈకలు పట్టుకురాకండి. నెమలి ఈకలు ఇండియా నుంచి ఎగుమతి చేయడం నిషేధం. శుద్ధి చేయని పక్షి ఈకల మీద అమెరికా వ్యవసాయ శాఖ ఆంక్షలున్నాయి. గాల్వెస్టన్ ఒడ్డున రాలిన కొంగ, పెలికాన్ ఈకలు ఏరుకోవడం కూడా 1918 నాటి వలస పక్షుల చట్టం కింద నేరమే, చచ్చిన పక్షివైనా సరే. దుకాణంలో కొన్న కోడి ఈకలతో సరిపెట్టుకోండి.

ఫిషింగ్ నుంచి తిరిగొచ్చాక వాడిన ఫ్లైలు మంచినీళ్లలో కడిగి, రాత్రంతా ఆరనిచ్చి పెట్టెలో పెట్టండి. తడి ఫ్లై ఒక్కటి లోపల పెట్టి మూత వేస్తే వారానికి పెట్టె అంతా తుప్పు మరకలే. లైసెన్సుతో పాటు సాల్ట్‌వాటర్ ఎండార్స్‌మెంట్ కూడా తీసుకోవాలి, అది వేరే.

మన తీరంలో కట్టేవాళ్లకి

కాకినాడ, కోనసీమ వైపు ఉండి ఇవి కట్టాలనుకునేవాళ్లకి చేప సిద్ధంగానే ఉంది. గోదావరి ముఖద్వారాల్లో, మడ కాలువల్లో తిరిగే పండుగప్పే ఆస్ట్రేలియాలో బారముండి. ఉత్తర ఆస్ట్రేలియాలో దాన్ని ఫ్లైతో పట్టడం ఎప్పట్నించో ఉంది, అక్కడా వాడేవి ఈ క్లౌజర్, డిసీవర్‌లే. తేడాలు సైజులో ఉంటాయి. హుక్కు 2/0, 3/0 దాకా వెళ్లాలి, పొడవు నాలుగైదు అంగుళాలు. కాబట్టి వైజ్ పరీక్ష 1/0తో కాకుండా 3/0తో చేయండి. మడ వేర్ల మధ్య విసరాలి కాబట్టి గట్టి నైలాన్ తీగతో హుక్కు మొనకి అడ్డుగా చిన్న వంపు కట్టుకోవడం మంచిది. పండుగప్ప మొప్పల మూత అంచు బ్లేడులా కోస్తుంది. లీడర్ చివర 40 పౌండ్లకి తగ్గని నైలాన్ రెండడుగులు వేసుకోండి, చేపని మొప్పల దగ్గర పట్టుకోకండి.